దుబారా అనే నింద

గోదావరి జిల్లాల మీద ఒక మాట పాతుకుపోయింది. ఇక్కడి వాళ్లకు సంపాదించడం వచ్చు గానీ దాచుకోవడం రాదంటారు. చేతిలో పది ఉంటే పదిహేను ఖర్చు పెడతారని, పెళ్లికీ అప్పే, పండక్కీ అప్పేనని అంటారు. బ్యాంకువాళ్లు పెట్టే ఆర్థిక అక్షరాస్యత శిబిరాల్లో ఈ మాటే వినిపిస్తుంది. ఫోన్లో పొదుపు పాఠాలు చెప్పేవాళ్లు ఇదే అంటారు. హైదరాబాదులో స్థిరపడి సంక్రాంతికి ఊరొచ్చిన బంధువులు అరుగు మీద కూర్చుని ఇదే తేలుస్తారు. విని విని, చివరికి అప్పుల్లో ఉన్న మనిషి కూడా తప్పంతా తన దుబారాదే అనుకుని తలొంచుకుంటాడు.

ఆ తల వంచుకోవడం అన్యాయం. డెల్టాలో మామూలు ఇళ్లు అప్పుల్లో ఉండడానికి దుబారా ముఖ్య కారణం కాదు. రాబడి వచ్చే వేళ ఒకటి, ఖర్చు వచ్చే వేళ ఒకటి. ఆ రెండింటి మధ్య గడవడానికి తెచ్చే డబ్బు మీద వడ్డీ మోయలేనంత. ఇంట్లో ఒక మనిషికి దెబ్బ తగిలితే ఆ నష్టం మొత్తం ఆ ఇంటిదే. ఈ మూడూ వదిలేసి టీ మానెయ్యండి, సినిమా మానెయ్యండి అని చెప్పే సలహా మొగల్తూరులాంటి ఊరికి పనికిరాదు. పైగా కీడు చేస్తుంది, ఎందుకంటే అసలు రక్తం కారుతున్న చోట చూడనివ్వదు.

నింద వేసేవాళ్ల చేతిలో ఒక లెక్క ఉంటుంది. 2019లో జాతీయ నమూనా సర్వే 77వ విడత తీసిన వివరాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93.2 అప్పుల్లో ఉన్నాయి. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. దేశం మొత్తం మీద చూస్తే అప్పున్న వ్యవసాయ కుటుంబాలు 50.2 శాతం, సగటు అప్పు 74,121 రూపాయలు. చూశారా, ఆంధ్రావాళ్లు ఎంత విచ్చలవిడిగా ఖర్చు పెడతారో అంటారు. కానీ నూటికి తొంభై మూడు ఇళ్లు ఒకేసారి ఒకే చెడు అలవాటులో పడ్డాయని నమ్మాలంటే చాలా కష్టపడాలి. ఆ ఇళ్లన్నీ పెట్టుబడి ముందు పెట్టి ఫలితం ఆర్నెల్లకు చూసే పనిలో ఉన్నాయని గ్రహించడానికి అంత కష్టం అక్కర్లేదు. విత్తనం, ఎరువు, కోత మిషను అద్దె, చెరువుకు మేత, అన్నీ డబ్బు పోసి కొనాల్సిన సేద్యం ఇది. భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ బ్యాంకు నుంచి కోట్లు తెస్తే దాన్ని నిర్వహణ పెట్టుబడి అంటారు. అదే పని రెండెకరాల మనిషి చేస్తే అప్పుల అలవాటు అంటారు.

మొగల్తూరు అనగానే బయటివాళ్లకు చిరంజీవి, కృష్ణంరాజు గుర్తొస్తారు. నరసాపురం పక్కన, పశ్చిమ డెల్టా కాలువల చిట్టచివర, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మండలం ఇది. పేరుపాలెం బీచ్ ఈ మండలంలోనిదే. ఇక్కడి రాబడి ఎలా వస్తుందో ఒక్కసారి వరసగా చూడాలి. సార్వా, అంటే వానాకాలపు వరి డబ్బు డిసెంబరు, జనవరిల్లో వస్తుంది. దాళ్వా, అంటే రెండో పంట వేస్తే ఏప్రిల్, మే నెలల్లో. రొయ్యల చెరువు మూడు నాలుగు నెలలకోసారి పట్టుబడికి వస్తుంది, అదీ రోగం తగలకపోతే. వేటకు వెళ్లేవాళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవ కదపకూడదు. లేసు అల్లే ఆడవాళ్లకు ముక్కకింత. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు పంపే డబ్బు అక్కడి యజమాని జీతమిచ్చినప్పుడు.

ఇక ఖర్చు చూడండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, పొలం పనులు సన్నగిల్లుతాయి, వేట ఉండదు. సరిగ్గా ఆ తర్వాతే జూన్ వస్తుంది. స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం, నారుమడికి విత్తనం, దుక్కి ఖర్చు, వలల బాగుచేత అన్నీ ఒక్క నెలలోనే మీద పడతాయి. ఏడాది మొత్తం మీద రాబడి ఖర్చుకు సరిపోయే ఇల్లు కూడా ఆ జూన్‌లో అప్పు చెయ్యక తప్పదు.

ఇలాంటి ఇంటికి చెప్పే సూత్రం ఏమిటంటే రాబడిలో 50 శాతం అవసరాలకు, 30 శాతం ఇష్టాలకు, 20 శాతం పొదుపుకు. తెలుగు ఛానళ్లలో ఈ యాభై-ముప్పై-ఇరవై లెక్క వేదవాక్కులా తిరుగుతోంది. దీన్ని 2005లో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా కలిసి అమెరికా మధ్యతరగతి కోసం రాసిన పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చారు. పన్నులు పోను నెలనెలా బ్యాంకులో జీతం పడే ఇళ్లకు చెప్పిన మాట అది. అక్కడ అది పనికొచ్చి ఉండొచ్చు. మే నెలలో సున్నా, జనవరిలో లక్ష వచ్చే ఇంట్లో ఏ నెల యాభైని ఏ నెల ముప్పైతో విడదీస్తారు? ఆ ఇంటికి కావలసింది జనవరి లక్షలో జూన్ ఖర్చును ముందే పక్కన పెట్టి, మధ్యలో ఎవరి చెయ్యీ పడకుండా చూసుకునే వీలు. తిండికి నూటికి నూరూ పోయే నెలల్లో ముప్పై శాతం ఇష్టాల ఊసు ఎత్తడమే తప్పు.

పెళ్లిళ్ల మాట తీద్దాం, ఎందుకంటే నింద అంతా అక్కడే గుచ్చుకుంటుంది. ఈ వాదనకు నూటయాభై ఏళ్ల వయసుంది. 1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు వడ్డీవ్యాపారుల ఇళ్ల మీద పడి పత్రాలు తగలబెట్టారు. అప్పటి తెల్లదొరలు కూడా రైతు పెళ్లిళ్లకూ పండగలకూ తగలేస్తాడనే నమ్మారు. ఆ అల్లర్ల మీద వేసిన విచారణ సంఘం లెక్కలు చూసి వేరే మాట చెప్పింది. అప్పులకు పెళ్లి ఖర్చులే మూలమని అవసరానికి మించి చెబుతున్నారని, రైతు తాహతుకు అవి ఎక్కువే కావొచ్చు గానీ అతని అప్పులకు అవే మూలం కావడం అరుదని రాసింది. దొరలు నియమించిన సంఘానికే ఆనాడు కనబడిన విషయం ఈనాటి సలహాదారులకు కనబడడం లేదు.

తెలుగునాటే ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వాళ్ల సహచరులు హైదరాబాదులో 104 బస్తీలను తీసుకుని, వాటిలో సగానికి ముందుగా సూక్ష్మరుణాలు వచ్చేలా చూసి, మిగతా సగంతో పోల్చారు. అప్పు చేతికందితే పేదలు దాన్ని టీలకు, పొగాకుకు, బయటి తిండికి, జూదానికి తగలేస్తారన్నది పెద్దమనుషుల అంచనా. 2015లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది అందుకు విరుద్ధం. అప్పు వచ్చిన బస్తీల్లో అలాంటి ఖర్చు తగ్గింది. వ్యాపారానికీ ఇంటికీ పనికొచ్చే మన్నికైన వస్తువుల మీద ఖర్చు పెరిగింది. ఆ అప్పులతో పేదరికం ఎగిరిపోయిందని మాత్రం వాళ్లు చెప్పలేదు, ఇంటి మొత్తం వాడకంలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు. కానీ తగలేస్తారన్న మాట మాత్రం నిలబడలేదు.

కోడిపందేల బరిలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఈ జిల్లాలో లేరని ఎవరూ అనరు. తాగుడు తినేసే కూలి ఎంతో ప్రతి వీధికీ తెలుసు. అప్పు తెచ్చి ఆడంబరంగా చేసిన పెళ్లిళ్లూ ఉన్నాయి, వాటి వెనక కట్నమనే బలవంతం కూడా ఉంది. వీటిని వెనకేసుకు రావలసిన పని లేదు. కానీ బరిలో కాలు పెట్టని ఇల్లు, మందు ముట్టని ఇల్లు కూడా అదే వీధిలో అప్పుల్లోనే ఉంది కదా. ఆ ఇంటి సంగతి చెప్పలేని వాదన సగం వాదనే.

ఇప్పుడు అసలు విషయం, అంటే వడ్డీ.

ఒక కౌలు రైతును తీసుకుందాం. పేరక్కర్లేదు, ఈ మండలంలో ఏ ఊళ్లోనైనా కనబడతాడు. జూలైలో సార్వాకు యాభై వేలు కావాలి. ధాన్యం డబ్బు చేతికొచ్చేది జనవరిలో. అంటే ఆరు నెలలు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఈ అప్పు దొరికితే వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే మరో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఆరు నెలలకు వెయ్యి రూపాయలు. అదే డబ్బు ఊళ్లో నోటు రాసి నూటికి రెండు రూపాయలకు తెస్తే ఏడాదికి 24 శాతం, ఆరు నెలలకు ఆరు వేలు. నూటికి మూడు రూపాయలైతే ఏడాదికి 36 శాతం, ఆరు నెలలకు తొమ్మిది వేలు. వెయ్యికీ తొమ్మిది వేలకూ మధ్య తేడా ఎనిమిది వేలు. రోజూ పది రూపాయల టీ ఆరు నెలలపాటు మానేస్తే మిగిలేది పద్దెనిమిది వందలు. భార్యాభర్తలిద్దరూ మానేసినా మూడువేల ఆరువందలు. మనిషి నోరు కట్టుకుని మిగిల్చింది వడ్డీ తేడాలో సగానికి కూడా చాలదు.

మరి అతను బ్యాంకుకు ఎందుకు వెళ్లడు? తెలియక కాదు. ఆ పొలం పాస్‌పుస్తకం భూమి యజమాని పేరున ఉంది. చాలా చోట్ల దాని మీద యజమానే పంట రుణం తీసుకుని ఉంటాడు. కౌలుదారుకు గుర్తింపు ఇవ్వాలని 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద ఆ గుర్తింపు కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు ఎక్కడ పోతుందోనని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడాది కౌలు వేరేవాడికి ఇస్తాడని రైతుకు భయం. వీళ్లిద్దరి భయం ఖరీదు ఆ ఎనిమిది వేలు, దాన్ని కట్టేది ఒక్క కౌలుదారే. ఈ మనిషికి ఖర్చు తగ్గించుకోమని బోధించడానికి నోరెలా వస్తుంది?

రొయ్యల చెరువులో ఈ కథ ఇంకో రూపంలో నడుస్తుంది. వనామీ రొయ్యను 2009లో అనుమతించాక డెల్టా తీరం వేగంగా మారింది. చిన్న రైతుకు మేత అరువు ఇచ్చేది డీలరు. పట్టుబడి నాడు అరువు తెంచుకునేదీ అతనే. నగదు పెట్టి కొన్నవాడికీ అరువు తెచ్చినవాడికీ బస్తా మీద ధరలో ఉండే తేడాయే వడ్డీ, కానీ ఎక్కడా వడ్డీ అని రాసి ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు రొయ్య కొనుగోలు ధర పడిపోయింది. ఇంటి బడ్జెట్ ఎంత పొందికగా వేసుకున్నా వాషింగ్టన్‌లో తీసుకునే నిర్ణయానికి ఏ గృహిణీ డబ్బు పక్కన పెట్టలేదు.

అన్నిటికన్నా కిందిమెట్టు మీద ఉన్నది రోజు వడ్డీ. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆమె, టిఫిను బండి నడిపే ఆమె దీని దగ్గరికే వెళ్తారు, ఎందుకంటే పొద్దున అడిగితే సాయంత్రానికి డబ్బు చేతిలో పెడతారు. పది వేలని పేరు, ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం బైకు మీద వచ్చిన కుర్రాడు అట్టముక్క మీద ఆనాటి గడిలో గీత గీసి వంద తీసుకుపోతాడు. తొమ్మిది వేల మీద వెయ్యే కదా, నూటికి పదకొండే కదా అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిది వేలూ ఆమె దగ్గర వంద రోజులు ఉండవు, రెండో రోజు నుంచే తరిగిపోతుంటాయి. సరిగా లెక్క కడితే ఏడాది వడ్డీ 75 శాతం దాటుతుంది. ఆర్థిక అక్షరాస్యత అంటూ ఒకటి నేర్పాలంటే ఈ లెక్క నేర్పాలి. ఫ్లాట్ 12 శాతం అని చెప్పి నెలవారీ వాయిదాల్లో కట్టించుకునే అప్పు నిజానికి 21 శాతం పైమాట అని నేర్పాలి. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ చిల్లర రుణాలకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీని ఒక వివరాల పత్రంలో రాసివ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. ఆ కాగితం అడిగి తీసుకోవడం ఎలాగో నేర్పాలి. శిబిరాల్లో వీటి బదులు చిల్లర ఖర్చుల డైరీ రాయమని చెబుతున్నారు.

డైరీ రాయించినవాళ్లు నిజంగానే ఉన్నారు. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాల్లో రెండువందల యాభైకి పైగా పేద ఇళ్లలో ఏడాదిపాటు ప్రతి చిన్న లావాదేవీ రాసి, 2009లో పుస్తకంగా తెచ్చారు. ఏ ఒక్క ఇల్లూ నాలుగు రకాలకు తక్కువ ఆర్థిక సాధనాలు వాడడం లేదని అందులో తేలింది. ఇక్కడి ఇల్లు తీసుకున్నా అంతే. డ్వాక్రా సంఘంలో పొదుపు, పక్కింట్లో చీటీ, తాకట్టులో గాజులు, చేబదుళ్లు ఇచ్చినవీ తెచ్చినవీ, కిరాణా కొట్టు ఖాతా, అన్నీ ఒకే ఆడమనిషి బుర్రలో నడుస్తుంటాయి. పొదుపు తెలియదని ఎవరిని అంటున్నారు? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం తర్వాత రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం మొదలెట్టి రాష్ట్రమంతా పాకించినవాళ్లు కూలి ఆడవాళ్లే. ఇవాళ ఆ సంఘాలకు మూడు లక్షల దాకా 7 శాతానికి బ్యాంకు అప్పు దొరుకుతోందంటే, తీర్చిన బాకీలతో వాళ్లు సంపాదించిన పరపతి అది.

మధ్యలో ఆ పరపతిని చెడగొట్టింది కూడా వాళ్ల దుబారా కాదు. 2010లో వారంవారం వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యల వార్తలు వచ్చి, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒకే మనిషికి మూడు నాలుగు సంస్థలు పోటీపడి అప్పులిచ్చిన రోజులవి. ఆ తర్వాత 2014 ఎన్నికల్లో మాఫీ మాట వినిపించగానే చాలా సంఘాలు వాయిదాలు ఆపాయి, ఆలోగా పెరిగిన వడ్డీ సభ్యుల నెత్తినే పడింది. ఇచ్చేవాడి దురాశ ఒకసారి, ఓటు అడిగేవాడి వాగ్దానం ఒకసారి దెబ్బ కొట్టాయి.

బంగారం మీద కూడా ఇలాంటి నిందే ఉంది. చచ్చిన సొమ్ము, బీరువాలో మూలుగుతుంది, అమ్మి ఫండ్లలో పెట్టండి అంటారు. పట్నంలో జీతగాడికి ఆ సలహా కొంత సరైనదే. 2012 నుంచి 2018 దాకా పది గ్రాముల ధర దాదాపు ముప్పై వేల దగ్గరే తచ్చాడింది, ఆ ఆరేళ్లలో బంగారం కొన్నవాడికి మిగిలింది లేదు. 2005లో ఏడు వేల దగ్గరున్నది 2025లో లక్ష దాటిందని చూపించి బంగారమే గొప్పదనడమూ సరికాదు. ఇక్కడ ధర పెరుగుదల రెండో మాట. మొగల్తూరులో నాలుగు కాసుల గొలుసు చేసే పని వేరు. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే, జూన్‌లో ఫీజు కట్టాల్సి వస్తే, హామీ సంతకం అడగకుండా, పాస్‌పుస్తకం అడగకుండా, భర్త అనుమతి అడగకుండా ఆమెకు బ్యాంకులో తొమ్మిది పది శాతానికి అప్పు తెచ్చిపెట్టగల ఏకైక వస్తువు అది. ఫండు కాగితం ఇంకా ఆ పని ఇంత సులువుగా చెయ్యదు. ఆ గొలుసు లేని ఇల్లే నూటికి మూడు రూపాయల గుమ్మం తొక్కుతుంది.

ఆలోచించాల్సింది ఎలా కొంటున్నారన్న దాని గురించి. తరుగు, మజూరీ కింద పోయేది తాకట్టులో లెక్కకు రాదు, రాళ్ల బరువుకు విలువ కట్టరు. అవసరానికి పనికొచ్చే బంగారమైతే సాదా గాజులు, సాదా గొలుసు మేలు. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్కు వేసి అమ్మే ప్రతి నగ మీద ఆరు అక్షరాల సంఖ్య తప్పనిసరి, అది చూసి, బిల్లు దాచుకోవాలి. తాకట్టు పెట్టేటప్పుడు వేలం గడువు ఎప్పుడో రాయించుకోవాలి. రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో చెప్పింది, 2026 ఏప్రిల్ నుంచి అమలు. ఎక్కువ ఇస్తారు కదా అని మొత్తం తీసుకుంటే నగ విడిపించడం అంత కష్టమవుతుంది. సలహా అంటే ఇలా ఉండాలి, మూలుగుతున్న సొమ్మని వెక్కిరించేలా కాదు.

ఇంటి బడ్జెట్‌లో ఎవరూ రాయని ఒక పద్దు లేసు. నరసాపురం చుట్టూ పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషే అల్లకం ఇది, 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, చూపుడువేలికి దారం చుట్టుకుని, కొక్కెం ఉన్న చిన్న ఉక్కు సూదితో పువ్వు తర్వాత పువ్వు అల్లుకుపోతారు. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, అల్లినవి పట్టుకుపోతాడు, ముక్కకింత లెక్క. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికి వచ్చి, ఈ ఆడవాళ్ల మీద 1982లో పుస్తకం తెచ్చారు. రోజుకు ఆరేడు గంటలు అల్లితే సగటున రూపాయి కూడా గిట్టని రోజులవి. అంత తక్కువ ఎందుకిచ్చారంటే, దాన్ని పని అనలేదు కాబట్టి. ఇంట్లో ఖాళీగా కూర్చునే బదులు కాలక్షేపం అన్నారు. ఎగుమతిదారు కాలక్షేపం అన్నాడు, మొగుడూ కాలక్షేపమే అన్నాడు. ఇవాళ ఆర్థిక శిబిరంలో కూడా ఆ డబ్బును చేతిఖర్చు అంటున్నారు. ఆ చేతిఖర్చుతో పిల్లల పుస్తకాలు వస్తున్నాయి, చీటీ వాయిదా కడుతున్నారు. ముక్కకు ఎన్ని గంటలు పట్టింది, ఎంత ఇచ్చారు అని ఒక నెల రాసి చూసుకుంటే గంటకు ఎంత గిట్టుతోందో తేలుతుంది. రాయదగ్గ డైరీ ఒకటుంటే అదీ. పది మంది కలిసి ఆ డైరీలు ఏజెంటు ముందు పెడితే, దుబారా తగ్గించి మిగిల్చేదానికన్నా ఎక్కువ రాబట్టవచ్చు.

కష్టం వచ్చిపడడం గురించి కూడా చెప్పాలి. 2017 మార్చి 30న మొగల్తూరు మండలం నల్లంవారితోటలోని ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఐదుగురు కార్మికులు విషవాయువుకు చనిపోయారు. చేతికందిన కొడుకులు పోయిన ఇళ్లు అవి. ఏ పొదుపు పథకం అలాంటి ఇంటిని నిలబెట్టగలదు? రోజుకూలి ఇంట్లో దాచుకోగలిగేది జ్వరానికి సరిపోతుంది, చావుకు సరిపోదు. అందుకు బీమా కావాలి. 2015లో మొదలైన పథకాల కింద, నిర్ణీత వయసులోని బ్యాంకు ఖాతాదారులకు ఇప్పుడు ఏడాదికి 20 రూపాయలకు రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలకు రెండు లక్షల జీవిత బీమా దొరుకుతున్నాయి. ఆ ప్రీమియం మే నెలాఖరులో ఖాతాలోంచి పోతుంది, సరిగ్గా ఈ మండలంలో ఖాతాలు ఖాళీగా ఉండే రోజులు. డబ్బు లేక ప్రీమియం పట్టుకోకపోతే బీమా ఆగిపోతుంది. ఏప్రిల్‌లోనే ఆ 456 రూపాయలు ఖాతాలో ఉంచమని గుర్తుచేయడం ఒక మంచి బ్యాంకు మిత్ర చేయగల పని. ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది గానీ పక్కన కూర్చున్న మనిషి పోగొట్టుకున్న కూలి, ఆటో, బయట కొన్న మందులు ఇంటి మీదే పడతాయి. అప్పు అక్కడ పుడుతుంది.

గల్ఫ్ ప్రయాణం ఇంకో పెద్ద నిర్ణయం. నరసాపురం, మొగల్తూరు చుట్టుపక్కల నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. వెళ్లొచ్చాక డబ్బు నిలబెట్టుకోలేదని వాళ్లనూ అంటారు. వెళ్లేముందే ఎంత పోయిందో అడగరు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000, దాని మీద జీఎస్‌టీ, అంతే. దానికి మించి ఇచ్చినదంతా చట్టవిరుద్ధం, అది మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చిందైతే మొదటి నెలల జీతమంతా వడ్డీవ్యాపారికే వెళ్తుంది. విజిటింగ్ వీసా మీద పంపినవాడు ప్రవాసీ బీమా చేయించడు. రెండేళ్లకు 275 రూపాయలకు పది లక్షల రక్షణ ఇచ్చే ఆ పాలసీ సక్రమంగా వెళ్లినవాళ్లకే.

ఇంకొక నింద మిగిలింది. మోసపోయేది ఆశపోతులేనట. డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ సంస్థ కూలినప్పుడు 32 లక్షల ఖాతాల్లో దాదాపు 6,380 కోట్లు చిక్కుకున్నాయి. అందులో పెద్ద మొత్తాలు పెట్టి కోటీశ్వరులవుదామనుకున్నవాళ్లు కొందరుండొచ్చు. కానీ 2019లో ప్రభుత్వం పదివేల లోపు డిపాజిట్ల వరకే తిరిగిచ్చినప్పుడు మూడున్నర లక్షల మందికి పైగా తేలారు. పదివేల లోపు దాచుకున్నవాళ్లది దురాశ ఎలా అవుతుంది? నెలకు వందో రెండొందలో పక్కవీధి ఏజెంటు ఇంటికొచ్చి పట్టుకెళ్లాడు, రసీదు ఇచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు. బ్యాంకులో ఆ వంద కట్టాలంటే ఒక పూట కూలి పోతుంది. నమ్మకమైన సంస్థ గుమ్మం దాకా రాకపోతే, వచ్చినవాణ్నే నమ్ముతారు. ఐదు లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉన్నది బ్యాంకుల్లోనే అన్న సంగతి 2020 నుంచి ఎన్ని ఇళ్లకు చేరింది?

ఆర్థిక పాఠాలు అక్కర్లేదని ఈ వాదన అర్థం కాదు. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే ముగ్గురు రెండువందలకు పైగా అధ్యయనాలను కలిపి చూస్తే, డబ్బు విషయంలో మనుషుల నడవడిలో కనబడే తేడాల్లో ఆర్థిక అక్షరాస్యత తరగతుల వల్ల వచ్చినవి 0.1 శాతమే, పేదల్లో అది ఇంకా తక్కువ. తర్వాత 2022లో 76 ప్రయోగాలను కలిపి చూసిన మరో అధ్యయనం కొంత మేలు ఉందని తేల్చింది. రెండూ చదివినవాళ్లకు తోచేది ఒకటే. అవసరం వచ్చిన వేళకు దగ్గరగా చెప్పిన, నేరుగా పనికొచ్చే ముక్క మనసులో నిలుస్తుంది. మిగతాది టీ బిస్కెట్లతోపాటు అయిపోతుంది. నోటు రాసేముందు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని, కట్టిన ప్రతి పైసా నోటు వెనక రాయించుకోవాలని, మూడేళ్లకోసారి నోటు ఎందుకు తిరగరాయిస్తారో తెలుసుకోవాలని చెప్పండి. చీటీ వేసేముందు అది చిట్ రిజిస్ట్రారు దగ్గర నమోదైందా అని అడగమనండి. ఏప్రిల్‌లో దాళ్వా డబ్బు చేతిలో ఉన్నప్పుడు చెప్పండి, జూన్‌లో చేతులు ఖాళీ అయ్యాక కాదు.

ఇళ్లవాళ్లు చేయాల్సింది ఇంత ఉంటే, బయట నుంచి జరగాల్సింది దీనికి రెట్టింపు ఉంది. వేట నిషేధ భృతి 2025లో 20,000 అయింది, మంచిదే. అది నిషేధం మొదలైన వారంలోనే ఖాతాలో పడితే రోజు వడ్డీ బైకుకు ఆ వీధిలో పని తగ్గుతుంది. ఆలస్యమైతే ఆ 20,000లో కొంత వడ్డీకే పోతుంది. యజమాని సంతకం ప్రమేయం లేకుండా, పంట ఎవరు వేశారో ప్రభుత్వ పంటల నమోదు ఈ-క్రాప్‌లో ఉన్న పేరు చూసి కౌలుదారుకు కార్డు ఇవ్వడానికి అధికారులకు అడ్డేమిటో ప్రజలు గట్టిగా అడగాలి. తీరప్రాంతంలో సార్వా నాట్లు జూలై, ఆగస్టుల్లో పడతాయి. కార్డు సెప్టెంబరులో వచ్చి, అప్పు అక్టోబరులో మంజూరైతే, ఆ డబ్బు పొలానికి చేరదు. జూలైలో నూటికి మూడు రూపాయలకు తెచ్చిన నోటు తీర్చడానికి నేరుగా వెళ్లిపోతుంది.